న్యూట్రల్‌లో నిలవని పడవ

పడవ మొదటిసారి దూకినప్పుడు గ్వెండా ప్రూయిట్ ఒక కాలు పడవలోనూ, ఒక కాలు రేవు మెట్టు మీదా పెట్టి ఉంది. చేతిలో కోడిగుడ్ల బుట్ట.

నదికి రోడ్డులేని వైపు కాపురాలకి నెరిడా టల్లక్ పడవే దారి. రైలు వంతెన పక్క దుకాణం నుంచి రొట్టె, పాలు, గ్యాసు బండలు, ఉత్తరాలు, ఊళ్ళోకి పోయి వచ్చే మనుషులు, ఒక్కోసారి కాళ్ళు కట్టేసిన గొర్రెపిల్ల కూడా ఆమె పడవలోనే రావాలి. లంగాలు కట్టుకునే వయసులో తల్లి పక్కన కూర్చుని తెడ్డు పట్టింది. ఇప్పుడు ఆమెకి యాభై ఏడు. ఆమె పడవని రేవుకి చేర్చడం చూసినవాళ్ళు, పిల్లి వచ్చి ఒళ్ళో కూర్చున్నట్టు ఉంటుందనేవాళ్ళు.

ఆ రోజూ అలాగే చేర్చింది. స్టీరింగు ఎడమకి పూర్తిగా తిప్పి, పడవ పక్కని రేవు గుంజకి ఆనించి, గేరు పిడిని నడిమికి తెచ్చి న్యూట్రల్‌లో పెట్టింది.

"దిగు గ్వెండా, మెల్లగా."

గ్వెండా కాలెత్తింది. అంతవరకూ గురక పెడుతున్నట్టున్న మోటారు ఒక్కసారి టక్కుమని గొంతు మార్చింది. పడవ ముందుకు దూకింది. గ్వెండా గుంజకీ పడవకీ మధ్య నీళ్ళలో పడిపోయింది.

నెరిడా తాళం తిప్పి మోటారు ఆపి, రెండు చేతులతో గ్వెండా కోటు కాలరు దొరకబుచ్చుకుంది. లాగి మెట్ల మీద కూర్చోబెట్టేసరికి ఇద్దరికీ ఊపిరి అందలేదు. తుంటి కమిలింది, ఒక చెప్పు నదిలో పోయింది. అంతకంటే ప్రమాదం జరగలేదు.

"నన్ను చంపేద్దామనుకున్నావా ఏంటి?" అంది గ్వెండా, పళ్ళు టకటకలాడుతుంటే.

"న్యూట్రల్‌లోనే పెట్టాను గ్వెండా."

"పెడితే దూకుతుందా మరి?"

నెరిడా వెనక్కి తిరిగి చూసింది. పిడి నడిమిలోనే ఉంది. కానీ ఆ కంగారులో దాన్ని తన చెయ్యి తాకిందా? పిడి ముందు నుంచీ అక్కడే ఉందా, తనే ఇప్పుడు లాగిందా? ఒట్టు పెట్టి చెప్పమంటే చెప్పలేకపోయింది.

ఆ మోటారు పాతది. పట్నంలో ఎవరో షికారు పడవకి వాడి వదిలేస్తే, నెరిడా భర్త కోల్ తెచ్చి బిగించాడు. మిగతా మోటార్లలో గేరు మార్చడానికి ఇనుప కడ్డీ ఉంటుంది. దీనికి అదేమీ లేదు, అంతా కరెంటే. పిడి జరిపితే కింద మీట నొక్కుకుని, తీగల్లోంచి కరెంటు నీళ్ళలో ఉన్న మోటారు పాదం దాకా పోతుంది. ఆకుపచ్చ తీగలో కరెంటు ఉంటే న్యూట్రల్. దానికి నీలం తీగ కూడా తోడైతే వెనక్కి. రెండింట్లోనూ లేకపోతే ముందుకి. అంటే కరెంటు అందకపోతే అది ఆగదు, ముందుకే పోతుంది. దాని పుట్టుకే అంత. "నెరిడా మోటారుకీ, నెరిడా అత్తగారికీ వెనకడుగు వేయడం బలవంతాన నేర్పాలి" అని నది మీద ఒక నవ్వులాట.

వంతెన కింద షెడ్డులో మోటార్లు బాగుచేసే డెస్ హారిగన్ దగ్గరికి తీసుకుపోయారు. అతను మోటారు విప్పి, నీళ్ళ తొట్టిలో దించి, తన షెడ్డు తీగలు తగిలించి మధ్యాహ్నమంతా నడిపాడు. ముందుకి, న్యూట్రల్, వెనక్కి. చెప్పినట్టు వింది.

"మోటారులో ఏ లోపమూ లేదు నెరిడా" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. తర్వాత గుడ్డ వంకే చూస్తూ అన్నాడు: "ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా ఒక్కోసారి జారుతుంది. మనమేమన్నా పడుచువాళ్ళమా? నాకూ అంతే, ఈ మధ్య స్పానర్ జేబులోనే పెట్టుకుని షెడ్డంతా వెతుకుతున్నా."

వెటకారం చేసి ఉంటే నెరిడా నాలుగు దులిపేసేదే. అతను జాలిపడ్డాడు. ఆ జాలికి ఆమె వెన్నులోంచి చలి పుట్టుకొచ్చింది.

ఎందుకంటే ఆమె తల్లి ఐవీకి కూడా చేతుల దగ్గరే మొదలయింది.

ఐవీ కళ్ళు మూసుకుని ఏ ముడైనా వేసేది. ఒక ఉదయం తాడు కొస చేత్తో పట్టుకుని రేవులో నిలబడి, "దీన్నేం చేస్తారే?" అని అడిగింది. హాస్యమనుకుని నెరిడా పకపకా నవ్వింది. తర్వాత చాలా ఏళ్ళు ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి చెంపలు వాయించుకోవాలనిపించేది. అప్పటికి ఐవీకి యాభై ఎనిమిది. ఆ తర్వాత సబ్బు కొరికి తినబోయింది. కూతుర్ని "అమ్మా" అని పిలిచింది. చివరికి పుట్టి పెరిగిన నదినే చూసి జడుసుకుని, కిటికీ పరదాలు వేసెయ్యమని ఏడ్చేది. వాటన్నిటికంటే నెరిడా గుండెలో దిగిపోయిన మాట మొదట్లోది. ఇంకా తెలివి ఉన్న రోజుల్లో, బంగాళాదుంపలు చెక్కుతూ చెక్కుతూ ఆగి, "నా చేతులు నా మాట వినడం లేదే నెరీ" అంది ఐవీ. తనకేం జరుగుతున్నదో ఆమెకి తెలుసు.

డెస్ షెడ్డు నుంచి ఇంటికి వచ్చిన రోజు నుంచీ నెరిడా తన మీద తనే కాపలా పెట్టుకుంది. పొయ్యి మీద కెటిల్ మరిచిపోయి అడుగు మాడ్చింది. ఆల్చిప్పలు పెంచే విల్ఫ్‌ని పట్టుకుని, చనిపోయిన అతని అన్న పేరుతో పిలిచింది. ఒకరి మందుల పొట్లం దుకాణం బల్ల మీదే వదిలేసి వచ్చింది. వేరే రోజుల్లో అయితే ఇవన్నీ నవ్వుకుని మరిచిపోయే సంగతులు. ఇప్పుడు ఒక్కొక్కటీ సాక్ష్యంలా వచ్చి నిలబడుతోంది. వంట చేస్తూ, వంతెన నుంచి వాగు మొదలు దాకా ఉన్న రేవుల పేర్లు వరసగా చెప్పుకునేది. ఒకరోజు మధ్యలో ఒక పేరు రాలేదు. మంచం అంచున కూర్చుండిపోయింది. సాయంత్రం చేపలు వేయిస్తుంటే ఆ పేరు దానంతటదే వచ్చింది. అట్లకాడ పట్టుకునే పైకి అరిచేసింది.

"ఏంటి గొణుగుతున్నావ్ ఈ మధ్య?" అన్నాడు కోల్. రైల్వేలో సిగ్నళ్ళ పని చేసి, నడుం పట్టేసి, ఇంటిపట్టున ఉంటున్నాడు.

"పాట."

"నీకు పాటలెప్పుడొచ్చు?"

ఆమె గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

రెండోసారి పడవ దూకినప్పుడు చుట్టూ ఎవరూ లేరు. పెట్రోలు రేవులో ఎడమకి తిప్పి ఆపబోయింది. టక్కుమంది. పడవ ముక్కు వెళ్ళి గుంజకి కొట్టుకుని చొట్టపడింది. అప్పుడూ ఆమె చెయ్యి పిడి మీదే ఉంది. నడిమికి తెచ్చానని చేతికి అనిపించింది. కానీ చేతి మాట నమ్మేదెలా? ఆ చొట్ట మీద రంగు పూసి, ఆరేదాకా అక్కడే ఉండి, ఏమీ జరగనట్టు ఇంటికొచ్చింది. చెబితే పడవ లాగేసుకుంటారు. ఆ తర్వాత కుర్చీ, పరదాలు వేసిన కిటికీ.

చెప్పకుండా మనుషుల్ని ఎక్కించుకుంటూనే ఉంది. అది తప్పని తెలుసు. ఒక్కో రేవు దగ్గర పడుతుంటే చలికాలంలోనూ మెడ వెనక చెమట పట్టేది. పిడిని రెండు చేతులతో నడిమిలో అదిమి పట్టి, "కూర్చో! తాడు కట్టేదాకా లేవొద్దన్నానా!" అని కసిరేది. నెరిడాకి ఈ మధ్య తలకి పొగరెక్కిందని జనం చెవులు కొరుక్కున్నారు. లోపల ఆమె ప్రాణం అరచేతిలో ఉందని ఎవరికీ తెలియదు.

విల్ఫ్ స్టానర్డ్ ఆల్చిప్పలు పెంచుతాడు. భార్య పోయింది, నోరు మాత్రం పోలేదు. ఆటుకి నీళ్ళు తీసినప్పుడు, చంకల దాకా వచ్చే రబ్బరు తొడుగు వేసుకుని, ఆల్చిప్పల పందిళ్ళ మధ్య నీళ్ళలో దిగి పనిచేస్తుంటాడు. ఆ రోజు అతనికి ఖాళీ గోతాలు తెచ్చింది నెరిడా. నది వేగంగా సముద్రం వైపు తీస్తోంది. పడవ ముక్కుని ప్రవాహానికి ఎదురు తిప్పడానికి స్టీరింగు ఎడమకి చివరిదాకా తిప్పి, న్యూట్రల్‌లో పెట్టింది. విల్ఫ్ రొమ్ములోతు నీళ్ళలో పడవ ముక్కుకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆమె స్టీరింగు వదిలి, తడి గోతాల కట్టని రెండు చేతులతో ఎత్తుకుని ముందుకొచ్చింది.

"ఇంత బరువేంటే? లోపల మొగుణ్ణేమైనా కట్టావా?" అన్నాడు విల్ఫ్ చేతులు చాస్తూ.

టక్కుమంది.

పడవ ముక్కు అతని రొమ్ముకి కొట్టింది. అతని మొహం, చాచిన చేతులు, అన్నీ పడవ కిందికి పోయాయి. నెరిడా గోతాల మీద బోర్లా పడింది. మోకాళ్ళ మీద పాక్కుంటూ వెనక్కి పోయింది. తన కాళ్ళ కింద చెక్క అడుగున మనిషి గీరుకుంటూ పోతున్న చప్పుడు. ఆ వెనకాల మోటారు కింద తిరుగుతున్న పంకా. తాళం చేతికి అందింది, తిప్పింది.

అంతా నిశ్శబ్దం. బురదనీళ్ళు. ఆ బురదలోంచి ఎర్రటి జీర ఒకటి పైకొచ్చి విచ్చుకుంది.

పిలుద్దామని నోరు తెరిచింది. పేరు రాలేదు. తను రోజూ పిలిచే మనిషి పేరు. నాలిక మీద ఏమీ లేదు. గొంతులోంచి కుక్కపిల్ల మూలిగినట్టు ఏదో శబ్దం వచ్చింది, అంతే.

పడవ వెనక నీళ్ళు పగిలాయి.

"ఏ గాడిద కన్న మోటారే ఇది!" అని గాండ్రించాడు విల్ఫ్, నోట్లోంచి బురద ఉమ్ముతూ.

అతన్ని పడవలోకి ఎలా లాగిందో ఆమెకి తర్వాత గుర్తు లేదు. రబ్బరు తొడుగు పిక్క దగ్గర నిలువునా చీలిపోయింది. దాని కింద పిక్క కూడా. లోతుగా తెగింది, ఎముకకి తగల్లేదు. మెడ చుట్టూ ఉన్న రుమాలు విప్పి బిగించి కడుతూ, "నాదే తప్పు విల్ఫ్, నా చెయ్యి... నా చేతులు..." అంటూనే ఉంది.

"నీ చేతులేంటే? నీ చేతులు రెండూ నా ముక్కు ముందు గోతాల కిందున్నాయి. అక్కడ గేరు దగ్గర దెయ్యమేమైనా కూర్చుందా?"

నెరిడా కట్టడం ఆపేసింది.

"మళ్ళీ చెప్పు."

"రక్తం కారిపోతుంటే మళ్ళీ చెప్పమంటావేంటే పిల్లా? ముందు కట్టు!"

"విల్ఫ్. నా చేతులెక్కడున్నాయి?"

అతను ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "గోతాల కింద. రెండూ. నువ్వు స్టీరింగు వదిలేసి ముందుకొచ్చావు. అక్కడ మనిషే లేడు."

ఆమె భోరుమంది. "ఏడవకు, కాలింకా ఉందిగా" అని అతను సముదాయించాడు. ఎందుకేడుస్తున్నదో అతనికేం తెలుసు?

మోటారు మళ్ళీ ముట్టుకోలేదు. తెడ్డు వేసుకుంటూ ఒడ్డున అతని పాకకి చేర్చింది. కబురందుకుని కోల్ రేకు పడవలో వచ్చి విల్ఫ్‌ని అవతలి ఒడ్డు ఆసుపత్రికి తీసుకుపోయాడు. పిక్కకి కుట్లు పడ్డాయి.

మర్నాడు విల్ఫ్ పాక ముందు బురదలో పడవ ఆనించారు. విల్ఫ్ కట్టుకట్టిన కాలు ఒక పెట్టె మీద చాపుకుని, ఇంకో పెట్టె మీద కూర్చున్నాడు. డాక్టరు ఇంట్లో పడుకోమన్నాడని కోల్ గుర్తుచేస్తే, "ఇల్లెక్కడికీ పోదు" అన్నాడు.

నెరిడా ముందు చెప్పాల్సిన మాట చెప్పింది. "పెట్రోలు రేవులో కూడా దూకింది. గ్వెండా పడిపోయిన తర్వాత. ఎవరికీ చెప్పలేదు."

విల్ఫ్ మొహం మాడిపోయింది. "తెలిసే నన్ను దాని ముందు నిలబెట్టావా?"

"నా చెయ్యే అనుకున్నాను."

"నీ చెయ్యే అయితే ఇంకా ముందు చెప్పాలి కదే! నీ చెయ్యి కింద నా కాలు పోతే?"

ఆమె తల దించుకుంది. అతనన్నదాంట్లో అబద్ధం లేదు. మడ చెట్ల మీద కొంగలు కొట్లాడుకుంటున్నాయి.

"డెస్ బాగుందన్నాడని నేనూ చూడలేదు" అన్నాడు కోల్ చివరికి. "కానీ అతను మోటారు విప్పి తన తీగలతో కదా నడిపాడు. మన తీగలు పడవలోనే ఉండిపోయాయి. పాత సిగ్నళ్ళు ఇలాగే ఏడిపించేవి. తీగ కదలకుండా ఉన్నంతసేపూ వెలుగుతాయి, కదిలితే ఆరిపోతాయి."

అతను టార్చిలైటు బల్బు లాంటి చిన్న బల్బు తెచ్చి, తీగలన్నీ ఒకే తొడుగులో కలిసిన మోకు మోటారులోకి పోయే చోట ఆకుపచ్చ తీగకి తగిలించాడు. తాళం తిప్పి, ఇంజను నడపకుండా, పిడి నడిమిలో పెట్టాడు. బల్బు వెలిగింది.

"ఇప్పుడు మోటారు అటూ ఇటూ తిప్పు" అన్నాడు నెరిడాతో.

ఆమె చేతులు మోటారు మీద వేసింది కానీ తిప్పలేదు. ఈ బల్బు ఆరకపోతే? ఆరకపోతే తీగ మంచిదే. అప్పుడు గేరు మార్చిందెవరు? విల్ఫ్ చూశానంటున్నది నిజమేనా? నీళ్ళలో మునిగి లేచిన మనిషి, ఏం చూశాడో ఏమో. నిన్నటి నుంచీ పట్టుకు వేలాడుతున్న ఆశ అంతా ఆ గింజంత వెలుగులో ఉంది.

"తిప్పవేంటే, దాన్ని ముద్దు పెట్టుకుంటావా?" అన్నాడు విల్ఫ్.

కుడికి తిప్పింది. వెలుగుతోంది. నడిమికి తెచ్చింది. వెలుగుతోంది. ఎడమకి తిప్పింది.

వెలుగుతూనే ఉంది.

నెరిడా మోటారు వదిలేసింది. పడవ అంచు పట్టుకుని నిలబడింది.

"అదేం తిప్పడం?" అన్నాడు విల్ఫ్. "నిన్న స్టీరింగు చివరిదాకా తిప్పావు. నేను చూడలేదా? మొత్తం తిప్పు."

ఆమె భుజం ఆనించి తోసింది. పడవ వెనక చెక్క దగ్గర తీగల మోకు చాలక బిగుసుకుంది. బల్బు ఒకసారి మిణుకుమంది. ఆరిపోయింది.

కొంచెం వెనక్కి తెస్తే వెలిగింది. మళ్ళీ తోస్తే ఆరింది. ఆమె చాలాసార్లు అలా చేసింది. కోల్ ఆపలేదు.

మోకు పైతొడుగు బిగుసుకున్న చోట కత్తితో చీల్చారు. లోపల ఆకుపచ్చ తీగ చూడ్డానికి నున్నగా, కొత్తదానిలా ఉంది. నెరిడా రెండు వేళ్ళతో లాగితే ప్లాస్టిక్ రబ్బరులా సాగింది. కోసి చూస్తే లోపల రాగి లేదు. చిలుము పట్టి పొడైపోయింది. ఆ పొడిలో రెండు మూడు పోగులు ఎడంగా ఒకదాన్నొకటి తాకీ తాకకుండా ఉన్నాయి.

"చూశావా?" అంది. ఎవర్నడిగిందో ఆమెకే తెలియదు.

టంకం పెట్టబోతున్న కోల్ చేతిలోంచి కాలుతున్న కడ్డీ తీసుకుంది. "నేనే చేస్తా." వేలు కాలింది, టంకం బొట్టు జారి బురదలో సుయ్యిమంది. పాడైన మేరంతా కోసేసి, కొత్త తీగ ముక్క అతికి, రబ్బరు గొట్టం తొడిగి, ఇకమీద బిగుసుకోకుండా మోకుని వదులుగా మెలిక తిప్పి కట్టింది. బల్బు తగిలించి ఎడమకి చివరిదాకా తోసింది. వెలుగుతూనే ఉంది. ఈసారి అలా వెలగడమే కావాలి, అయినా ఇంకోసారి తోసి చూసింది.

పోటు వచ్చి పడవ తేలాక, ముందూ వెనకా తాళ్ళతో గుంజలకి కట్టారు. మగవాళ్ళిద్దర్నీ దూరంగా పొమ్మంది. ఇంజను నడిపి, ఎడమకి పూర్తిగా తిప్పి, న్యూట్రల్‌లో పెట్టి, పిడి వదిలేసింది. పడవ వణుకుతూ ఉన్నచోటే ఉంది. ఇప్పుడు దూకుతుంది, ఇదిగో ఇప్పుడు, అనుకుంటూ నిలబడింది. దూకలేదు. కోల్ వచ్చి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేదాకా అలాగే నిలబడి ఉంది.

కోల్ రేకు పడవలో ఇంటికి పోతూ అతనికి అంతా చెప్పింది. రేవుల పేర్లు, కెటిల్, అమ్మ. తీగ తెగడం పడవ దూకడానికి జవాబు. విల్ఫ్ పేరు నోటికి రాకపోవడానికి కాదు.

కోల్ చాలాసేపు తెడ్డు ఆపి కూర్చున్నాడు. "డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాడు. "నేనూ వస్తా."

డాక్టరు ఏవేవో అడిగి, బొమ్మలు గీయించి, "ఇప్పటికైతే ఏమీ కనిపించడం లేదు" అన్నాడు. కోల్ ఏమీ కనిపించలేదన్న మాట పట్టుకుని ఇంటికొచ్చాడు. నెరిడా ఇప్పటికైతే అన్న మాట పట్టుకుని వచ్చింది. ఆ మాట తర్వాత కూడా చాలాకాలం ఆమెతో కాపురం చేసింది.

గ్వెండా ఇంటికి పోయి తీగ సంగతి చెప్పి, క్షమించమంది. గ్వెండా టీ ఇచ్చింది, కేకు ముక్క పెట్టింది. "తీగో, చెయ్యో, నాకు తెలీదు తల్లీ. నీ పడవ మాత్రం ఎక్కను" అంది. అన్నట్టే ఇంకెప్పుడూ ఎక్కలేదు.

కుట్లు విప్పించుకోవడానికి విల్ఫ్‌ని వంతెనదాకా చేర్చాల్సి వచ్చింది. కోల్ తన రేకు పడవలో తీసుకుపోతానన్నాడు. "దాంట్లో కూర్చుంటే నా పిర్రలు తడుస్తాయి" అని విల్ఫ్ కుంటుకుంటూ వచ్చి నెరిడా పడవలోనే కూర్చున్నాడు. దారంతా మాట్లాడలేదు. అంత నోరున్న మనిషి మాట్లాడకపోతే ఆమెకి ఇంకా భయమేసింది. వంతెన రేవు దగ్గర పడుతుంటే అతని చేతులు పడవ అంచుని పట్టుకున్న పట్టు చూసింది. వేళ్ళ కణుపులు తెల్లబడిపోయాయి.

"భయంగా ఉందా?" అంది.

"ఉండదూ? నీకు లేదా?"

"ఉంది."

"అయితే ముందు చూసి నడుపు. నన్ను చూస్తావేం?"

ఆమె స్టీరింగు ఎడమకి తిప్పింది. న్యూట్రల్‌లో పెట్టింది. పడవ మెల్లగా వచ్చి గుంజకి ఆనుకుంది. ఆమె రెండు తాళ్ళూ కట్టి, తాళం తీసి జేబులో వేసుకున్నాకే విల్ఫ్ లేచాడు.

"సాయంత్రం ఇక్కడే ఉండు" అన్నాడు మెట్లెక్కుతూ. "మాంసం కూరిన పై రొట్టెలు తెస్తా. నీకొకటి, నాకొకటి."

"సాసు మరిచిపోకు" అంది నెరిడా, జేబులో తాళం ఉందో లేదో తడిమి చూసుకుంటూ.